వివరంగా ప్రార్థించండి

మార్చి 3, సోమవారం. ఉదయం 5

శనివారం రేడియోలో విన్నది నిజమే. బ్యాంకుల్లో ఉన్న డిపాజిట్లన్నీ ఇకమీదట పదేళ్ళ ప్రభుత్వ బాండ్లట. మనల్ని అడిగిన వాడు లేడు. దొంగయితే కనీసం ముఖానికి గుడ్డ కట్టుకుని వస్తాడు, వాడికి ఆ మాత్రం సిగ్గు ఉంటుంది. వీళ్ళు పట్టపగలు రేడియోలో వచ్చి, వెనక బ్యాండు వాయించి మరీ పట్టుకుపోయారు.

నిన్న ప్రార్థన కూటంలో నా ప్రసంగంలో ఇదే చెప్పాను. పేదవాడి పైబట్ట తాకట్టు పెట్టుకున్నవాడు పొద్దుగూకేలోగా దాన్ని తిరిగి ఇచ్చెయ్యాలని గ్రంథంలో ఉన్న చోటు తీసి చూపించాను. పొద్దుగూకేలోగా. పదేళ్ళకి కాదు. ముప్పై ఎనిమిది మంది ఒక్క గొంతుతో ఆమేన్ అన్నారు. గడియారాలు బాగుచేసే తాత బయటికి వస్తూ, నా కేకకి తన జేబులో గడియారం రెండు నిమిషాలు ముందుకు దూకిందన్నాడు.

షిఫ్ట్ ఆరింటికి. ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు నన్ను అడగకుండా కుప్పపడుతూ ఉంటాయి. వెళ్ళాలి.

అదే రోజు, సాయంత్రం

లాండ్రీలో నన్ను మైకు అంటారు. ఇవాళ సూపర్‌వైజర్ బాయిలర్ పక్కకి పిలిచి, మైకు సౌండ్ కాస్త తగ్గించుకోమన్నాడు. కొత్త చట్టం వచ్చిందట. ప్రభుత్వ ఆర్థిక నిర్ణయాల మీద నమ్మకం పోయేలా మాట్లాడితే అది వదంతి. వదంతికి మూడేళ్ళు. నిజమైతే కూడానా అని అడిగాను. నిజమైన వదంతికే ఎక్కువ పడుతుందేమో అక్కా, అన్నాడు. తమాషాకే అన్నాడు గానీ నవ్వలేదు.

మార్చి 4, మంగళవారం

తమ్ముడు బస్సు ఆపేశాడు. బ్యాంకు ముందు కూడలిలో, రోడ్డుకి అడ్డంగా పెట్టి, తాళంచెవి జేబులో వేసుకుని కూర్చున్నాడు. పంతొమ్మిదేళ్ళుగా టైముకి బస్సు తోలినవాడు. వాడి వెనక ఇంకో ఇరవయ్యారు బస్సులు. ముందు ప్రయాణికులు బూతులు తిట్టారట. తర్వాత ఒకావిడ, నా డబ్బూ అందులోనే ఉంది నాయనా అని మంచినీళ్ళ సీసా ఇచ్చిందట.

రాత్రి ఇంటికొచ్చి అన్నం తింటూ వాడే చెప్పాడు. వాడు కూటానికి రాడు. నా ప్రసంగాలు గోడ అవతల నుంచే వినపడతాయి, మళ్ళీ నడిచి రావడం దేనికి అంటాడు. ఇవాళ మాత్రం, "అక్కా, నువ్వు నోటితో చెప్పింది నేను బస్సుతో చెప్పాను" అన్నాడు. గర్వంగా అనిపించింది. రాసుకుంటున్నాను, అది గర్వమే.

మరదలు వాడి కంచంలో ఇంకాస్త అన్నం వేసింది.

మార్చి 6, గురువారం

సమ్మె నిషేధించారు. తమ్ముడు ఇంటికి రాలేదు.

మార్చి 7, శుక్రవారం. మధ్యాహ్నం బ్రేకులో

పదిమందికి మించి ఒకచోట కూర్చోవాలంటే పర్మిట్ కావాలి. కూటాలక్కూడా. ప్రసంగం ముందే కాగితం మీద రాసి ఇవ్వాలి. వాళ్ళ మనిషి ఒకరు వచ్చి కూర్చుని వింటారు.

ప్రసంగం రాయడం నాకు చేతకాదు. నాలుగో తరగతిలో బడి మానేశాను. గ్రంథం తెరుస్తాను, కళ్ళు పడిన చోట మొదలుపెడతాను, మిగిలింది నోరు చూసుకుంటుంది. అందుకని గ్రంథంలోంచే ఒక పేజీన్నర దించి ఇచ్చాను. న్యాయాన్ని తలకిందులు చేసే అధికారుల గురించి, విధవరాళ్ళ ఇళ్ళు మింగేవాళ్ళ గురించి. నా మాట ఒక్కటీ లేదు. ఏం కొట్టేస్తారో చూద్దామనుకున్నాను.

మార్చి 8, శనివారం

కొట్టేశారు. ఎర్ర సిరాతో పదకొండు చోట్ల.

పర్మిట్ ఆఫీసులో గుమాస్తాని అడిగాను, ఇది నేను రాసింది కాదు, ఎన్ని వందల ఏళ్ళ కిందటి ప్రవక్తో రాసింది అని. ఆయన తలెత్తకుండా, "అయితే ఆయన్నే వచ్చి సంతకం పెట్టమనండమ్మా" అన్నాడు. నా వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. తర్వాత నాకూ నవ్వొచ్చింది, అందుకు ఇంకా మండింది.

తమ్ముడి జాడ లేదు. డిపో వాళ్ళని తొమ్మిది మందిని పట్టుకున్నారు. మరదలికి మాత్రం తెలుసని నాకు తెలుసు. నిన్న అన్నం మూట కట్టి ఎటో వెళ్ళి, ఖాళీ చేతులతో వచ్చింది. నేను అడగలేదు. తెలియకపోతే నోరు జారదు కదా.

మార్చి 9, ఆదివారం

వాళ్ళ మనిషి వచ్చింది. ఇరవయ్యేడు, ఇరవయ్యెనిమిది ఉంటాయి. ఎడమచేత్తో రాస్తుంది. చివరి బెంచీలో ఒక్కతే కూర్చుంది. ఆ బెంచీలో ఎప్పుడూ కూర్చునేవాళ్ళు ముందుకి జరిగిపోయారు. వచ్చింది ముప్పై ఒక్కమంది.

ఎర్రసిరా వదిలేసిన ముక్కలు చదివాను. మధ్యలో తీసేసిన చోటల్లా ఆగి, నోరు మూసుకుని అయిదు లెక్కపెట్టాను. జనానికి అర్థమైంది. ఆ అమ్మాయికీ అర్థమైంది, పెన్ను ఆపేసింది.

తర్వాత ప్రార్థన పుస్తకం. ఇది మా కూటం పద్ధతి. ఎవరికేం కావాలో ఆ నోటుబుక్కులో రాస్తారు. ప్రతి ఆదివారం అది ఒకరింటికి వెళుతుంది. ఆ ఇంటివాళ్ళు ఆరు రోజులు, పేరుపేరునా, ప్రతి విన్నపం చదివి ప్రార్థించాలి. పన్నెండేళ్ళుగా జరుగుతోంది. నేనే పెట్టిన పద్ధతి.

ఈ మధ్య అందరూ భయపడి గాలిమాటలు రాస్తున్నారు. శాంతి కలగాలి, మేలు జరగాలి. నాకు విసుగొచ్చింది. ఒక విన్నపం పైకి చదివాను, పేరు చెప్పకుండా. మా కుటుంబాన్ని చల్లగా చూడు, అంతే ఉంది. ఇది ప్రార్థనా, గ్రీటింగ్ కార్డా అన్నాను. డాక్టరు దగ్గరికెళ్ళి ఎక్కడో ఏదో నొప్పి అంటారా అన్నాను. ఎవరికి, ఎక్కడ, ఏ కష్టం, ఏం కావాలి, వివరంగా రాయండి. దేవుడి దగ్గర కూడా దాచుకునే వాళ్ళు విశ్వాసులు కారు, పిరికిపందలు.

అది మరదలి చేతిరాత. అందరికీ తెలుసు. చదివేటప్పుడు నాకూ తెలుసు.

మార్చి 12, బుధవారం

దుప్పట్లు, దుప్పట్లు. చిల్లర దొరక్క ఆస్పత్రి క్యాంటీన్ మూసేశారు.

మార్చి 16, ఆదివారం. మధ్యాహ్నం

వచ్చీరాగానే రాస్తున్నాను, సంతోషంతో.

ఇరవయ్యేడు మందే వచ్చారు. నేను మాట్లాడుతూ ఉండగా చివరి బెంచీలోంచి ఏడుపు వినిపించింది. ఆ ఎడమచేతి అమ్మాయి. లేచి నిలబడింది. వాళ్ళమ్మకి గొంతులో గడ్డ అట, నీళ్ళు కూడా మింగలేకపోతోందట. ఆపరేషన్‌కి దాచుకున్న డబ్బు బాండ్లలోకి వెళ్ళిపోయిందట. డ్యూటీలో ఉన్నానని తెలుసు, అయినా అడుగుతున్నాను, ప్రార్థించండి అంది. ఆడవాళ్ళు వెళ్ళి చుట్టూ నిలబడ్డారు.

ఆఖర్న, ఈ వారం ప్రార్థన పుస్తకం తనకిస్తారా అని అడిగింది. అందరి కోసం ప్రార్థిస్తానంది.

ఎలా కాదంటాను? పన్నెండేళ్ళుగా ఈ గోడల మధ్య మాలో మేమే అరుచుకుంటున్నాం. ఇవాళ వాళ్ళ కోటలోంచి ఒక మనిషి తలుపు తీసుకుని బయటికొచ్చింది. గడియారాల తాత నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగి, "అక్కగారూ, ఒక్క వారం ఆగుదాం" అన్నాడు. మీ విశ్వాసానికి ఎవరైనా కీ ఇవ్వాలి తాతా అని అందరి ముందూ అనేశాను. నొచ్చుకున్నాడు. ఫరవాలేదు, వచ్చేవారం ఆయనే ఒప్పుకుంటాడు.

పుస్తకం ఆమె చేతుల్లో పెట్టాను.

మార్చి 17, సోమవారం

బాయిలర్ దగ్గర పాటలు పాడుకుంటూ పనిచేశాను. సూపర్‌వైజర్ చెవులు మూసుకున్నాడు.

మార్చి 19, బుధవారం

తమ్ముణ్ణి పట్టుకున్నారు.

పాత నూలు మిల్లు వెనక, తాళాలు చేసే మనిషి ఇంటి మేడగది. తెల్లవారి ఆరున్నరకి. నేరుగా ఆ ఇంటికే వచ్చారట, పక్క తలుపు కూడా తట్టలేదట. తాళాలాయన్ని కూడా తీసుకెళ్ళారు.

ఎవరో పట్టించారు. ఎవడో ఒక పిరికి వెధవ. డిపోలో వాడై ఉంటాడు. వాణ్ణి దేవుడు వదలడు.

మార్చి 20, గురువారం

షిఫ్ట్ నుంచి వచ్చేసరికి మరదలు గుమ్మంలో కూర్చుని ఉంది. దీపం పెట్టలేదు, పొయ్యి వెలిగించలేదు. డిపోలో ఎవరికి తెలుసో చెప్పు, వాడి గుమ్మం ముందు నిలబడి అడుగుతాను అన్నాను.

డిపోలో ఎవరికీ తెలియదంది. తనకీ తాళాలాయనకీ తప్ప ఎవరికీ తెలియదంది.

"పోయిన ఆదివారం కూటం మొదలవకముందే పుస్తకంలో రాశాను వదినా. ఎక్కడున్నాడో, ఏ గదో, దగ్గు ఎన్నాళ్ళ నుంచో. మీరే కదా వివరంగా రాయమన్నారు."

ఆమె నా మీద అరిచి ఉంటే బాగుండేది.

మార్చి 20, అదే రోజు, రాత్రి

పన్నెండేళ్ళుగా ఆ పుస్తకంలోది ఏ ఇంటి గడప దాటీ బయటికి పొక్కలేదు. ఒక్క మాట కూడా. ఎవరి కూతురు ఎవరితో వెళ్ళిందో, ఎవరి మొగుడు ఎక్కడ తాగి పడ్డాడో, అన్నీ అందులో ఉన్నాయి. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అలాంటి పుస్తకాన్ని నా చేత్తో తీసి ఇచ్చాను. ఎవరూ లాక్కోలేదు, వారెంటు చూపించలేదు. ఒక ఏడుపు విని నా ప్రసంగం గెలిచిందనుకున్నాను.

పిరికిపందలన్నాను వాళ్ళని.

మార్చి 21, శుక్రవారం. సాయంత్రం

ఆ అమ్మాయి వచ్చింది. పుస్తకాన్ని న్యూస్‌పేపర్‌లో చుట్టి తెచ్చింది. నేను లోపలికి రమ్మనలేదు, ఆమె వెళ్ళిపోనూ లేదు. గుమ్మం అవతలే నిలబడి చెప్పింది.

వాళ్ళమ్మ జబ్బు అబద్ధం కాదట. ఏడుపు అబద్ధం కాదట. పుస్తకం ఇంటికి తీసుకెళ్ళేటప్పుడు ప్రార్థన కోసమే తీసుకెళ్ళిందట. సోమవారం ఆఫీసులో బ్యాగు తీయించారు, అది బయటపడింది. ప్రతి పేజీ కాపీ చేసి ఇమ్మన్నారు.

"రెండూ చేశానండి. కాపీ ఇచ్చాను. ఆరు రోజులూ పేరుపేరునా ప్రార్థన కూడా చేశాను. మీ తమ్ముడుగారి దగ్గు కోసం కూడా."

తిట్టడానికి నా దగ్గర ఎన్ని వచనాలున్నాయో లెక్కలేదు. రాజులకే తగిలే తిట్లు ఉన్నాయి అందులో. మీ అమ్మకి ఎలా ఉందని అడిగాను. ఎందుకు అడిగానో నాకే తెలియదు. అలాగే ఉందంది. వెళ్ళిపోయింది.

పుస్తకంలో పేర్లున్న ఇంకో ముగ్గురికి నోటీసులొచ్చాయి. వాళ్ళలో గడియారాల తాత ఒకరు. ఆయన మనవరాలి జ్వరం గురించి రాస్తూ, మందుల ధర పెంచినవాళ్ళ కళ్ళు తెరిపించు ప్రభువా అని చేర్చాడట. అది వదంతి.

మార్చి 22, శనివారం

రేపటి కూటానికి పర్మిట్ అడగలేదు. ఏ ముఖంతో అడగను.

మార్చి 24, సోమవారం

స్టేషన్‌కి పిలిచారు. ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడి కుర్చీ చూపించాడు. మర్యాద ఉన్నవాడు. మర్యాద లేనివాడితో మాట్లాడటం నాకు తేలిక.

తమ్ముడి మీద నాలుగు సెక్షన్లట. వదంతి, సమ్మె, రాకపోకలకు ఆటంకం, పరారీ. బెయిల్‌కి మేము అభ్యంతరం చెప్పకుండా ఉండొచ్చు అన్నాడు. కాగితం ఒకటి ముందుకి జరిపాడు. ఆదివారం మీ కూటంలో చదవాలి. డిపాజిట్లు భద్రంగా ఉన్నాయి. బాండ్లు మన పిల్లల భవిష్యత్తు. ఇంతకాలం నేను తెలియక మాట్లాడాను, ప్రభుత్వ నిర్ణయం న్యాయమైనదని ఇప్పుడు గ్రహించాను. అంతే, ఏడు లైన్లు.

"అనుమానం పాపమని కూడా కలపండమ్మా. మీ గ్రంథంలో ఎక్కడో ఒకచోట ఉంటుంది కదా."

ఉండదన్నాను. వెతకండి అన్నాడు.

ప్రభుత్వానికి ఇంత సైన్యం ఉంది, రేడియో ఉంది, ముద్రణాలయం ఉంది. ఇరవయ్యేడు మంది కూర్చునే రేకుల షెడ్డులో ఒక లాండ్రీ మనిషి చదివితే గానీ వాళ్ళ బాండ్లు నిలబడవా?

మార్చి 25, మంగళవారం

చదవను.

మార్చి 26, బుధవారం

మరదలికి అయిదు నిమిషాలు తమ్ముణ్ణి చూడనిచ్చారు. వచ్చాక బట్టలు మడతపెట్టింది, గిన్నెలు కడిగింది, నేల తుడిచింది. అప్పుడు చెప్పింది. తమ్ముడి కుడిచెయ్యి వేళ్ళు వాచిపోయి ఉన్నాయట. నీళ్ళ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడట. ఎలా జరిగిందంటే, తలుపులో పడిందన్నాడట. స్టీరింగ్ పట్టే చెయ్యి.

కాగితం సంగతి వాడికి చెప్పావా అన్నాను. చెప్పానంది. ఏమన్నాడంటే, అక్క ఇష్టం అన్నాడట.

నా మీద వదిలేశాడు. వద్దని ఉంటే వాడి మాట మీద నిలబడేదాన్ని. చదవమని ఉంటే వాడి మీద నెట్టేసేదాన్ని.

రేపొద్దున్న తీర్పు రోజున దేవుడు నన్ను అడిగితే ఏం చెప్పను, అబద్ధ ప్రవక్తల మీద పన్నెండేళ్ళు అరిచిన మనిషిని అన్నాను. మరదలు నేల గుడ్డ పిండి ఆరేసి, నావైపు తిరిగింది.

"ఆ రోజు నేనొచ్చి చెబుతాను వదినా, నేనే చదివించానని. ఇప్పుడు చదవండి."

చదువుతానన్నాను.

మార్చి 28, శుక్రవారం

పర్మిట్ అయిదు నిమిషాల్లో ఇచ్చారు. ఎర్ర సిరా లేదు.

మార్చి 30, ఆదివారం. మధ్యాహ్నం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

ఇరవై రెండు మంది. గడియారాల తాత వచ్చాడు, నోటీసు జేబులో పెట్టుకునే. చివరి బెంచీలో ఎడమచేతి అమ్మాయి, ఆమె పక్కన ఇంకొకాయన, అతను నాకు కొత్త. మరదలు ఆడవాళ్ళ వైపు మూడో వరుసలో.

కాగితం తీశాను. మొదటి లైను చదవడానికి నోరు తెరిచాను. రాలేదు. పన్నెండేళ్ళలో నాకు మాట రాకపోవడం ఇదే మొదలు. దగ్గాను, నీళ్ళు తాగాను. మళ్ళీ తెరిచాను. వచ్చింది వేరే మాట. గాయం మానకుండానే మానిందని చెప్పేవాళ్ళ గురించి గ్రంథంలో ఉందే, అది వచ్చింది. రెండు వాక్యాలు వచ్చాయి, నా పాత గొంతుతోనే, నేను పిలవకుండా. ఆ కొత్తాయన పెన్ను తీశాడు. అది చూస్తూనే ఉన్నాను, ఆగలేకపోతున్నాను. అంత హాయిగా ఉంది. తమ్ముడి వేళ్ళు అక్కడ వాచి ఉన్నాయని తెలిసి కూడా హాయిగా ఉంది. దేవుడు క్షమించాలి.

మరదలు లేచి వచ్చింది. తొందరపడలేదు. నా చేతిలోంచి కాగితం తీసుకుంది, నేను వదిలేశాను. జనం వైపు తిరిగింది. ఈ పన్నెండేళ్ళలో ఆమె కూటంలో నోరు విప్పి ఎరగదు. అయిదు దాకా చదువుకుంది, కూడబలుక్కుని చదువుతుంది. డి, పా, జి, ట్లు. ఒక లైను అయ్యాక కళ్ళు దారి తప్పి మళ్ళీ అదే లైను చదివింది. ఇంతకాలం నేను తెలియక మాట్లాడాను అని చదువుతుంటే గొంతులో ఏ మార్పూ లేదు. ఇంతకాలం ఏమీ మాట్లాడని మనిషి. ఏడు లైన్లకీ ఎంతసేపు పట్టిందో తాతనే అడగాలి.

అయిపోయింది. కాగితం మడిచి చేతిలో పట్టుకుని అక్కడే నిలబడింది, తర్వాత ఏం చెయ్యాలో తెలియనట్టు. ఎవరూ కదల్లేదు. ఆ సమయంలో నిజంగా భయపడ్డాను. లేచి వెళ్ళిపోతారనుకున్నాను, ఉమ్మేస్తారనుకున్నాను. వాళ్ళకి నేర్పింది నేనే కదా.

గడియారాల తాత ఆమేన్ అన్నాడు.

ఆయన భార్య అంది. తర్వాత నోటీసు అందిన ఇద్దరూ అన్నారు. తర్వాత అందరూ. మెల్లగా, జబ్బుమనిషి మంచం పక్కన అన్నట్టు. వాళ్ళు అంటున్నది ఆ కాగితానికి కాదు, ఆమెకి. చివరి బెంచీలో కొత్తాయనకి ఆ తేడా తెలియదు, రాసుకున్నాడు. పక్కనున్న అమ్మాయికి తెలిసింది. ఆమె పెన్నుకి మూత పెట్టే ఉంది.

అందరికన్నా ఆఖర్న నేనన్నాను. అబద్ధానికి ఆమేన్ అన్నాను. గట్టిగానే అన్నాను.

ఏప్రిల్ 1, మంగళవారం

స్టేషన్ గేటు దగ్గర పొద్దుటి నుంచి ఇద్దరం నిలబడ్డాం. సాయంత్రం, రేపు రమ్మన్నారు.

ఏప్రిల్ 2, బుధవారం

వదల్లేదు. చదవాల్సింది నేనట, ఆమె చదివింది లెక్కలోకి రాదట. కాగితం చూసి చదివినా రాదట. చూడకుండా, ప్రసంగంలా చెప్పాలట. కింద ఒక లైను చేర్చారు: ఈ మాటలు నా అంతట నేనే చెబుతున్నాను.

మరదలికి అంతా నోటికి వచ్చేసింది. వంటింట్లో ఎదురుగా కూర్చోబెట్టుకుని నాతో చెప్పిస్తోంది. ఏడు లైన్లూ చెప్పేస్తున్నాను. ఎనిమిదో దాని దగ్గర ఆగిపోతున్నాను. ఆమె కోప్పడటం లేదు.

మళ్ళీ మొదటి నుంచి వదినా, అంటోంది.